సెరొటోనిన్ లోటు కథ ఇక చాలు

గుండె దడదడలాడుతోందని, ఊపిరాడటం లేదని ఆస్పత్రికి వెళ్ళిన మనిషికి మన ఊళ్ళలో జరిగే తతంగం ఇంచుమించు ఒకటే. ఈసీజీ తీస్తారు, బాగుంటుంది. టూడీ ఎకో తీస్తారు, బాగుంటుంది. థైరాయిడ్ రిపోర్టూ బాగానే వస్తుంది. చేతి డబ్బులు వదిలాక గుండె డాక్టరు "మీకేం లేదు, ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించుకోండి" అంటాడు. అక్కడ ఓపీ నిండా జనం. వంతు వచ్చాక ఆ డాక్టరు మందులచీటీ వెనక్కి తిప్పి, రెండు నరాల కొసలు గీసి, మధ్యలో నాలుగు చుక్కలు పెట్టి, "చూడమ్మా, ఇక్కడ సెరొటోనిన్ అనే కెమికల్ తగ్గింది. అందుకే ఈ గాబరా. షుగరున్నవాళ్ళు ఇన్సులిన్ తీసుకోవడం లేదూ? ఇదీ అంతే" అని చెబుతాడు. ఆమెకు ప్రాణం లేచొస్తుంది. తనది పిచ్చీ కాదు, నటనా కాదు, ఒక కెమికల్ తక్కువైందంతే. బయట బెంచీ మీదున్న భర్తకు అదే మాట అప్పజెబుతుంది.

ఆ డాక్టరు మోసగాడేమీ కాడు. దొరికిన నాలుగు నిమిషాల్లో ఆమెను ఇంటివాళ్ళ ఎత్తిపొడుపుల నుంచి కాపాడాలని, మాత్ర మానకుండా వేసుకునేలా ఒప్పించాలని చూశాడు. ఉద్దేశం మంచిదే, చెప్పిన సంగతే నిజం కాదు. ఆమె సెరొటోనిన్‌ను ఆయన కొలవలేదు. కొలవాలనుకున్నా కుదరదు. బతికున్న మనిషి మెదడులో సెరొటోనిన్ ఎంత ఉందో, అది ఎంత ఉండాలో చెప్పే పరీక్ష ఏ ల్యాబులోనూ దొరకదు. ఒంట్లోని సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. రక్తంలో కనిపించేది మెదడు లెక్క చెప్పదు.

ఇదే కథకు రెండో రూపం ఒకటుంది. అది సాఫ్ట్‌వేరు కంపెనీల ట్రైనింగు హాళ్ళలో, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో, ఫోన్లలో తిరిగే రీల్స్‌లో వినిపిస్తుంది. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అనే భాగం ఉంటుందట, అది భయకేంద్రమట, అది అతిగా స్పందించి మన బుద్ధిని హైజాక్ చేస్తుందట, దాన్ని చల్లబరిస్తే ఆందోళన పోతుందట. రెండు కథలనూ కలిపితే ఇవాళ చదువుకున్నవాళ్ళలో స్థిరపడిన అభిప్రాయం తయారవుతుంది: ఆందోళన అంటే మెదడులో ఒక భాగం చెడిపోవడం, ఒక రసాయనం తగ్గిపోవడం.

ఈ అభిప్రాయం తప్పు. చిన్న పొరపాటని, సామాన్యులకు అర్థమవడానికి చేసిన సరళీకరణ అని సరిపెట్టుకునే తప్పు కూడా కాదు. ఇది రోగికి తన జబ్బు గురించి, దాని నుంచి బయటపడే దారి గురించి తలకిందులైన లెక్క చెబుతోంది. ఆందోళన మెదడులోనే జరుగుతుంది, ఆ మాటకొస్తే లెక్కలు చేయడం, పాట పాడటం కూడా మెదడులోనే జరుగుతాయి. అంతమాత్రాన అది మెదడు పాడవడం వల్ల వచ్చినదైపోదు. చాలామందిలో అది శరీరం, అనుభవం, బతుకు పరిస్థితి కలిసి నేర్పిన పాఠం. ఈ తేడా మీదే చికిత్స ఆధారపడి ఉంది.

అమిగ్డాలాకు ఆ పేరెలా వచ్చింది?

అమిగ్డాలా కథ గాలిలోంచి పుట్టలేదు, ముందు దాని బలం ఒప్పుకోవాలి. 1937లో షికాగోలో హైన్రిక్ క్లూవర్, పాల్ బ్యూసీ అనే ఇద్దరు రీసస్ కోతుల మెదడులో రెండువైపులా టెంపోరల్ లోబ్‌లను తొలగించారు. అంతకుముందు మనిషిని చూస్తేనే బెదిరిపోయే కోతులు ఆ తర్వాత బెదురన్నది మరిచిపోయాయి. 1956లో లారెన్స్ వైస్‌క్రాంట్జ్ దెబ్బను అమిగ్డాలాకే పరిమితం చేసి చూసినా బెదురు తగ్గింది. 1980ల నుంచి జోసెఫ్ లెడూ ఎలుకల మీద పని చేశాడు. ఒక శబ్దం వినిపించి వెంటనే కాళ్ళకు చిన్న కరెంటు షాక్ ఇస్తే, కొన్నిసార్ల తర్వాత శబ్దం వినగానే ఎలుక బిగుసుకుపోతుంది. అమిగ్డాలా దెబ్బతిన్న ఎలుక బిగుసుకోదు. ఇదంతా గట్టి పరిశోధన. 1995లో డేనియల్ గోల్‌మన్ 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' పుస్తకంతో 'అమిగ్డాలా హైజాక్' అన్న మాట ప్రపంచమంతా పాకింది. ప్రయోగశాలలో ఎలుక బిగుసుకుపోవడం గురించి తెలిసినదంతా మనిషి రాత్రి రెండింటికి లేచి కూర్చుని పడే దిగులుకు వివరణ అయిపోయింది.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. అమెరికాలో ఒక మహిళ ఉంది. పరిశోధన పత్రాల్లో ఆమెను ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. ఒక అరుదైన జన్యువ్యాధి వల్ల ఆమె రెండు అమిగ్డాలాలూ పూర్తిగా దెబ్బతిన్నాయి. అయోవాలోని శాస్త్రవేత్తలు ఆమెను ఏళ్ళ తరబడి పరిశీలించారు. పాములంటే తనకు గిట్టదని చెప్పిన ఆమెను పాములమ్మే దుకాణానికి తీసుకెళితే పామును చేతుల్లోకి తీసుకుని నిమిరింది, ఇంకా పెద్దవాటిని, ప్రమాదకరమైనవాటిని ముట్టుకుంటానని మాటిమాటికీ అడిగింది. దయ్యాల కొంపలా అలంకరించిన పాత ఆస్పత్రిలోకి తీసుకెళితే అందరికంటే ముందు నడిచింది. భయపెట్టడానికి దూకిన వేషగాణ్ణి తనే వేలితో పొడిచి బెదరగొట్టింది. 2011లో అచ్చయిన ఆ పత్రం చదివినవాళ్ళెవరైనా భయం అమిగ్డాలాలోనే కాపురముంటుందని అనుకోవలసిందే.

రెండేళ్ళకు అదే పరిశోధకులు ఇంకో ప్రయోగం చేశారు. ఎస్.ఎం. ముఖానికి మాస్కు పెట్టి 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి ఒక్క గుక్క పీల్పించారు. ఒంటికి హాని లేదు కానీ క్షణకాలం ఊపిరాడనట్టు అనిపిస్తుంది. పాముకు బెదరని మనిషి ఒక్కసారిగా రొప్పుతూ, మాస్కు దగ్గర చెయ్యి ఆడిస్తూ, కాపాడమని కేకపెట్టింది. అచ్చమైన పానిక్ అటాక్. అదే జబ్బుతో అమిగ్డాలాలు కోల్పోయిన కవల అక్కచెల్లెళ్ళకు ఇదే గాలి పీల్పిస్తే వాళ్ళకూ పానిక్ వచ్చింది. పోల్చి చూడటానికి అమిగ్డాలాలు నిక్షేపంగా ఉన్న 12 మందికి పీల్పిస్తే ముగ్గురికే వచ్చింది. ఈ ఫలితాలు 2013లో 'నేచర్ న్యూరోసైన్స్' పత్రికలో వచ్చాయి. భయకేంద్రమనేది ఆ బాదంగింజే అయితే, అది లేనివాళ్ళు ఎక్కడి నుంచి భయపడ్డారు?

ప్రయోగం చెప్పేది స్పష్టంగానే ఉంది. బయటి ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని సిద్ధం చేసే దారుల్లో అమిగ్డాలా ముఖ్యమైనది. ఒంటి లోపలి నుంచి వచ్చే ప్రమాద సంకేతాలకు వేరే దారులున్నాయి. ఓపీలో కూర్చున్న ఆమె గాబరా ఎక్కువగా ఈ రెండో రకానిదే: గుండె దడ, ఊపిరాడకపోవడం, తల తిరగడం. అంటే 'అమిగ్డాలా అతి స్పందన' అని మనం ఎవరికైతే చెబుతున్నామో వాళ్ళ బాధకే ఆ వివరణ సరిగ్గా అతకడం లేదు.

ఎస్.ఎం. గురించే ఇంకో సంగతి. భయపడిన ముఖాల ఫొటోలు చూపిస్తే ఆమె ఆ భయాన్ని గుర్తుపట్టలేకపోయేది. 2005లో రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం ఆమె చూపు ఎక్కడ పడుతోందో గమనించింది. ఎదుటివాళ్ళ కళ్ళవైపు ఆమె చూడటం లేదు. "కళ్ళు చూడండి" అని చెప్పగానే భయాన్ని మామూలు మనుషుల్లాగే పోల్చుకుంది. చెప్పడం మానేస్తే మళ్ళీ మొదటికొచ్చింది. అమిగ్డాలా చేసే పనుల్లో ఒకటి ఏది ముఖ్యమో అటు దృష్టి మళ్ళించడమని దీన్నిబట్టి తేలుతోంది. ఇష్టమైన తిండికి, కొత్త మనిషికి, నవ్వు ముఖానికి కూడా అది స్పందిస్తుంది. దాన్ని ఒక్క భయానికే అంటగట్టడం అన్యాయం.

ఈ కథకు పునాది వేసినవాడిగా అందరూ చెప్పుకునే లెడూయే దాన్ని ఒప్పుకోవడం లేదు. 2015లో రాసిన 'యాంగ్షస్' పుస్తకంలోనూ, 2016లో డేనియల్ పైన్‌తో కలిసి రాసిన పత్రంలోనూ ఆయన రెంటిని విడదీశాడు. ప్రమాదం ఎదురైతే ఒళ్ళు బిగుసుకోవడం, గుండె వేగం పెరగడం ఒక వ్యవస్థ. 'నాకు భయమేస్తోంది' అన్న ఎరుక వేరే వ్యవస్థ, అందులో జ్ఞాపకం, ఆలోచన, భాష అన్నీ ఉంటాయి. ఎలుక బిగుసుకోవడాన్ని తగ్గించిన మందు మనిషి దిగులును తగ్గిస్తుందని అనుకోవడంలోనే పొరపాటుందని ఆయన వాదన. గురువు ఎప్పుడో వదిలేసిన పాఠాన్ని మన ట్రైనర్లు ఇంకా స్లైడుల మీద చూపిస్తున్నారు.

మరి ఎర్రగా వెలిగే అమిగ్డాలా స్కానుల సంగతేమిటి? 2002లో అహ్మద్ హరీరి ముఖ్య రచయితగా 'సైన్స్' పత్రికలో ఒక పత్రం వచ్చింది. సెరొటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు తీరునుబట్టి అమిగ్డాలా స్పందన మారుతుందని దాని సారాంశం. జన్యువు, రసాయనం, అమిగ్డాలా మూడూ ఒకే గొలుసులో కుదిరాయి కనుక అది ఎంతో పేరు తెచ్చుకుంది. 2020లో అదే హరీరి బృందం ఇలాంటి స్కాన్ కొలతలను మళ్ళీ పరీక్షించింది. ఒకే మనిషిని ఇవాళ ఒకసారి, కొన్నాళ్ళకు ఇంకోసారి స్కాన్ చేస్తే ఫలితాలు సరిగ్గా కలవడం లేదని, మనిషికీ మనిషికీ తేడా చెప్పడానికి అవి పనికిరావని నిజాయితీగా ప్రకటించింది. జన్యువు సంగతీ అంతే. 2019లో లక్షలమంది సమాచారంతో చేసిన పరిశీలనలో, కుంగుబాటుకు కారణమని చెబుతూ వచ్చిన 18 జన్యువులు యాదృచ్ఛికంగా ఎంచుకున్న జన్యువుల కంటే ఏమాత్రం మెరుగ్గా తేలలేదు. వాటిలో ఈ సెరొటోనిన్ జన్యువూ ఉంది. స్కాన్ చూసి "మీకు ఆందోళన జబ్బుంది" అని చెప్పగల డాక్టరు ఇవాళ ప్రపంచంలో లేడు.

లోటు ఎక్కడుంది?

ఇక సెరొటోనిన్. 1950లలో క్షయకు వాడిన ఇప్రోనియాజిడ్ అనే మందు కొందరు రోగుల్లో హుషారు పెంచింది. అది మెదడు రసాయనాల మీద పని చేస్తుంది కనుక, కుంగుబాటుకు ఆ రసాయనాలు తగ్గడమే కారణం కావచ్చని ఊహించారు. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నోరెడ్రినలిన్ వంటి రసాయనాల పేరు చెప్పాడు, 1967లో అలెక్ కాపెన్ సెరొటోనిన్ వైపు మొగ్గాడు. అవి ఊహలని వాళ్ళకు తెలుసు, అలాగే రాశారు. గమనించవలసింది ఏమిటంటే, ఇదంతా కుంగుబాటు గురించి. ఆందోళనకు ఈ సిద్ధాంతం ఎవరూ కొత్తగా నిరూపించి ఇచ్చింది కాదు, పక్కింటి నుంచి అరువొచ్చింది.

ఊహను నిజం చేసినవాళ్ళు వేరే ఉన్నారు. 1987 డిసెంబరులో అమెరికాలో సెరొటోనిన్ మీద పనిచేసే ఫ్లూయాక్సెటిన్ అనే మందుకు అనుమతి వచ్చింది. 1997లో అక్కడ టీవీలో మందుల ప్రకటనలకు నిబంధనలు సడలించారు. 1999లో అదే రకం మందైన పారాక్సెటిన్‌ను సామాజిక ఆందోళనకు వాడటానికి అనుమతి దొరికింది. బిడియస్థులకూ, దిగులున్నవాళ్ళకూ 'రసాయనాల అసమతుల్యం' అన్న మాట రాత్రీ పగలూ వినిపించింది. 2005లో జెఫ్రీ లకాస్, జొనాథన్ లియో ఆ ప్రకటనలను శాస్త్ర పత్రాల పక్కన పెట్టి చూసి, రెంటికీ పొంతన లేదని రాశారు. అమెరికా టీవీలో మందులు అమ్మడానికి పుట్టిన వాక్యం మన ఓపీల్లో మందులచీటీ వెనక్కి చేరింది.

సాక్ష్యం ఏమంటోంది? స్వీడన్‌లోని ఉప్సాలాలో పరిశోధకులు సామాజిక ఆందోళనతో బాధపడేవాళ్ళ మెదడును పెట్ స్కాన్‌తో చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం వాళ్ళ అమిగ్డాలాలో సెరొటోనిన్ తయారీ మామూలువాళ్ళకంటే ఎక్కువగా ఉంది. తక్కువగా కాదు, ఎక్కువగా. చిన్న అధ్యయనమే, దానితోనే అంతా తేలిపోయిందని నేనూ అనను. అయితే లోటు కథ చెప్పేవాళ్ళ చేతిలో దీన్ని తలదన్నే సాక్ష్యం ఏదీ లేదు. 2022లో జొవానా మొంక్రీఫ్ బృందం దశాబ్దాల పరిశోధనలను పోగేసి, సెరొటోనిన్ తగ్గడం వల్లే కుంగుబాటు వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. దాని మీద పెద్ద రగడే జరిగింది. విచిత్రం చూడండి, విమర్శించినవాళ్ళలో చాలామంది "లోటు ఉందని నిరూపిస్తాం" అనలేదు, "అంత సాదాగా మేమెప్పుడు చెప్పాం?" అన్నారు. అమెరికన్ సైకియాట్రిస్టు రొనాల్డ్ పైస్ అయితే 2011లోనే, విషయం తెలిసిన సైకియాట్రిస్టులెవరూ దాన్ని సిద్ధాంతంగా ముందుకు తేలేదని, అదొక పుక్కిటి పురాణమని రాశాడు. నిపుణులెవరూ నమ్మకపోతే ఇన్ని లక్షలమంది రోగులకు అది చెప్పిందెవరు? తెలిసి దిద్దకుండా ఊరుకున్నదెవరు?

"మరి మందు పనిచేస్తోందిగా?" అన్నది అందరూ వేసే ప్రశ్న. పనిచేస్తోంది. సెరొటోనిన్ మీద పనిచేసే ఈ మందులు ఆందోళన జబ్బుల్లో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని పరీక్షల్లో తేలింది. ఆ మేలు మోస్తరుదే అయినా నిజమైనది. కానీ మందు పనిచేసినంత మాత్రాన ఆ మందు పెంచే రసాయనం అంతకుముందు తక్కువుందని అనడం తర్కం కాదు. పెళ్ళిలో పదిమంది ఎదుట నోరు మెదపని బావగారు రెండు పెగ్గులు పడగానే మైకందుకుని పాటలు పాడతాడు. పుట్టుకతో ఆయనకు బ్రాందీ లోటుందని ఎవరైనా అంటారా? పైగా ఈ మాత్ర సెరొటోనిన్ మీద ప్రభావం చూపడం కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. గాబరా తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి గాబరా పెరుగుతుంది కూడా. లోటు పూడ్చడమే పని అయితే ఇలా జరగదు. మెదడు ఆ మార్పుకు నెమ్మదిగా సర్దుకుంటూ ఏదో కొత్త తీరులోకి వెళుతోంది, మేలు అందులోంచి వస్తోంది.

రసాయనం నిజంగా కారణమైనప్పుడు

రసాయనాల వల్ల ఆందోళన రాదని నేననడం లేదు. వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు. థైరాయిడ్ ఎక్కువైతే దడ, చెమట, చేతుల వణుకు వస్తాయి. దానికి రక్తపరీక్ష ఉంది, అంకె ఉంది, సరిచేస్తే తగ్గుతుంది. కాఫీ మితిమీరితే కొందరికి గాబరా వస్తుంది, మానేస్తే పోతుంది.

అంతకంటే పెద్ద ఉదాహరణ తెలంగాణ పల్లెల్లోనే ఉంది. అక్కడ కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజిపామ్ అనే మత్తుమందులు కలపడం ఏళ్ళుగా తెలిసిన బాగోతం. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం ఆస్పత్రులకు పరిగెత్తారు. వణుకు, నిద్ర పట్టకపోవడం, మూర్ఛలు, పొంతనలేని మాటలు. వాళ్ళెవరికీ పుట్టుకతో ఏ లోటూ లేదు. రోజూ సాయంత్రం తాగిన మందుకు మెదడు అలవాటు పడింది, అది ఒక్కసారిగా ఆగిపోతే తిరగబడింది. రసాయనాల తూకం చెడటమంటే అసలు అర్థం ఇది. దాన్ని తెచ్చింది రోగి మెదడు కాదు, కల్తీ వ్యాపారం.

ఈ సంఘటనలో మధ్యతరగతికీ పాఠముంది. అదే అల్ప్రాజోలం స్ట్రిప్పులు ఎన్నో చేతిసంచీల్లో ఉంటాయి. 1960లో లిబ్రియం, 1963లో వేలియం మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి ఈ కుటుంబం మందులు అరగంటలో గాబరా తగ్గిస్తూనే ఉన్నాయి, వాటితోపాటే అలవాటు కూడా పెరుగుతూ వచ్చింది. మన దేశంలో అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. "నీకు కెమికల్ తక్కువ" అన్న మాట విన్న మనిషికి ఆ స్ట్రిప్పు జీవితాంతం అవసరమైన విటమిన్‌లా కనిపిస్తుంది. మందుల దుకాణంవాడు చీటీ అడక్కుండా ఇచ్చేస్తే ఇక చెప్పేదేముంది?

"అబద్ధమైనా మేలు చేస్తోందిగా"

ఈ కథను సమర్థించేవాళ్ళ ఆఖరి ఆయుధం ఇది. రోగి తనను తాను నిందించుకోవడం మానేస్తాడు, లోకం చులకనగా చూడటం మానేస్తుంది, కనుక శాస్త్రం కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదట. ఇది పరీక్షించదగ్గ మాటే, పరీక్షించారు కూడా. 2014లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో గతంలో కుంగుబాటు అనుభవించిన విద్యార్థులను పిలిచి, నోట్లోంచి నమూనా తీసి, ఉత్తుత్తి పరీక్ష చేశారు. కొందరికి "మీ కుంగుబాటుకు కారణం రసాయనాల అసమతుల్యం" అని ఫలితం చెప్పారు, మిగిలినవారికి అది కారణం కాదన్నారు. మొదటివాళ్ళు తమను తాము నిందించుకోవడం తగ్గలేదు. బాగుపడతామన్న ఆశ తగ్గింది. తమ దిగులును తాము అదుపు చేసుకోగలమన్న నమ్మకం తగ్గింది. మాట్లాడి చేసే చికిత్సకంటే మందే గతి అన్న అభిప్రాయం బలపడింది.

లోకం సంగతి? 1996 నుంచి 2006 మధ్య అమెరికాలో మానసిక జబ్బులు మెదడు జబ్బులన్న నమ్మకం బాగా పెరిగింది. చులకన మాత్రం తగ్గలేదని 2010లో బెర్నిస్ పెస్కొసొలిడో బృందం చూపించింది. మన పెళ్ళిసంబంధాల అనుభవం కూడా దీనికి సాక్ష్యమే. "కొంచెం టెన్షన్ పడుతుంది" అంటే సర్దుకుపోయే వియ్యాలవారు "బ్రెయిన్‌లో కెమికల్ తేడా ఉంది" అంటే లేచి వెళ్ళిపోతారు.

ఇంకో నష్టం ఉంది. లోటు మెదడులో ఉందంటే వెతకవలసినది బయట ఏదీ ఉండదు. అమెరికాలో హెచ్1బీ వీసా మీదున్న తెలుగు ఇంజినీరు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఇంటి లోను, స్కూల్లో పిల్లలు, కాలెండరు మీద తేదీ. ఆయనకు నిద్ర పట్టకపోతే అది అమిగ్డాలా తప్పా? వారం వారం కిస్తీ కోసం గుంపుగా వచ్చి గుమ్మంలో కూర్చునే అప్పులవాళ్ళ వల్లే 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఆ గుమ్మంలో నిలబడిన మహిళ గుండెదడకు సెరొటోనిన్ ఏం జవాబు చెబుతుంది? పేదరికం ఆందోళనకూ కుంగుబాటుకూ కారణమవుతుందని, డబ్బు సాయం అందితే అవి తగ్గుతాయని మాథ్యూ రిడ్లీ, గౌతమ్ రావు, ఫ్రాంక్ షిల్‌బాక్, విక్రమ్ పటేల్ 2020లో 'సైన్స్' పత్రికలో ఆధారాలతో రాశారు. ఇంటర్ కాలేజీ హాస్టల్లో తెల్లవారుజామున లేపి రాత్రి దాకా రుద్దే పద్ధతిని వదిలేసి పిల్లవాడి అమిగ్డాలాను చల్లబరచమనడం నేరస్థుణ్ణి వదిలి సాక్షిని జైల్లో వేయడమే.

మరి నిజం ఏమని చెప్పాలి?

ఇంతవరకూ చదివి "నేనెప్పుడూ అనేది అదేగా, అంతా మనసు బలహీనత, ధైర్యం తెచ్చుకోవాలి" అనే పెద్దమనుషులకు ఒక మాట. నేను మీ పక్షాన లేను. ఆందోళన జబ్బు నిజమైన బాధ, శరీరాన్నీ బతుకునూ కుదిపేసే బాధ. బుద్ధులు చెబితే పోదు. మందులన్నీ విషమని చెప్పే ప్రకృతి వైద్యుల పక్షాన అసలే లేను.

నిజం చెప్పడం కష్టమేమీ కాదు. పానిక్ విషయంలో 1986లో డేవిడ్ క్లార్క్ చెప్పిన వివరణ ఇప్పటికీ నిలబడి ఉంది: దడ వస్తుంది, మనిషి దాన్ని గుండెపోటనుకుంటాడు, ఆ అనుకోవడంతో దడ ఇంకా పెరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్సులో ఒకసారి అలా జరిగిన ఆమె మర్నాటి నుంచి బస్సెక్కదు. ఎక్కకపోవడం వల్ల బస్సు ప్రమాదం కాదని తెలుసుకునే అవకాశం ఆమె మెదడుకు దొరకదు. కొన్నాళ్ళకు ఆటో కూడా కష్టమవుతుంది, ఆ తర్వాత గుమ్మం దాటడమే కష్టమవుతుంది. ఏదీ చెడిపోలేదు. మెదడు ప్రమాదాన్ని నేర్చుకుంది, తప్పించుకోవడం ఆ పాఠాన్ని గట్టిపరిచింది.

చికిత్స కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అనుభవమున్న సైకాలజిస్టు ఆమెను ముందు గదిలోనే కుర్చీలో గిరగిరా తిప్పి తల తిరిగేలా చేస్తాడు, వేగంగా ఊపిరి పీల్పించి దడ తెప్పిస్తాడు. దడ వచ్చింది, దానంతటదే తగ్గింది, ప్రాణం పోలేదు. తర్వాత బస్‌స్టాపులో నిలబడటం, ఆ తర్వాత ఒక్క స్టాపు ప్రయాణం, ఆ తర్వాత కోఠీ దాకా, చివరికి సంచీలో అల్ప్రాజోలం స్ట్రిప్పు లేకుండా. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం బలపడుతుంది. అందుకే ఎప్పుడో ఒకరోజు మళ్ళీ దడ వస్తే చికిత్స విఫలమైందని కాదు. మెదడులోనూ ఇది కనిపిస్తుంది. 2002లో ఉప్సాలాలో టోమస్ ఫుర్‌మార్క్ బృందం సామాజిక ఆందోళన ఉన్నవాళ్ళలో కొందరికి సిటాలోప్రామ్ అనే మందు, కొందరికి మాటల చికిత్స ఇచ్చింది. 9 వారాల తర్వాత బాగుపడినవాళ్ళ స్కానులు చూస్తే రెండు గుంపుల్లోనూ అమిగ్డాలా ప్రాంతంలో రక్తప్రవాహం తగ్గింది. మాటా మందే.

"టైమెక్కడుంది?" అని డాక్టర్లు అడగవచ్చు. వాళ్ళ ఇబ్బంది నిజమే. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక జబ్బులున్నవాళ్ళలో జబ్బునుబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు కూడా. కానీ నిజం చెప్పడానికి అబద్ధం చెప్పడం కంటే ఎక్కువ సమయం పట్టదు. "నీ బాధ నిజమైనది. నీ గుండె, మెదడు చెడిపోలేదు, ప్రమాదం లేనిచోట ప్రమాదాన్ని నేర్చుకున్నాయి. ఈ మాత్ర గాబరాను కొంత తగ్గిస్తుంది, ఆ వెసులుబాటులో నువ్వు మానేసిన పనులు ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంట్లోనో ఉద్యోగంలోనో ఏం జరుగుతోందో కూడా నాకు చెప్పు." ఇంతే. మందులచీటీ వెనక బొమ్మ గీసే సమయం కూడా పట్టదు.

మాత్రలు వాడుతున్న పాఠకులకు ఆఖరుగా ఒక హెచ్చరిక. లోటు కథ తప్పని తెలిసింది కదా అని రేపు పొద్దున మాత్ర మానేయకండి. ఈ మందులను హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, గాబరా తిరగబెట్టడం జరుగుతాయి. అల్ప్రాజోలం అయితే మూర్ఛలు కూడా వస్తాయి. మానాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. డాక్టరు అందుబాటులో లేకపోతే 14416కు ఫోన్ చేయండి, అది 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ టెలీమానస్ లైను, ఉచితం. ఈసారి ఎవరైనా "నీకు సెరొటోనిన్ తగ్గింది" అంటే మర్యాదగానే, భయపడకుండా ఒక్క ప్రశ్న అడగండి: "ఎప్పుడు కొలిచారండీ?"